నవ్వు మొహం

నూర్జాత్‌కు ఆ ఉదయం కాళ్ళు ఒక్కచోట నిలవలేదు. ఏడు నెలల కొడుకు ఎర్మెక్‌ను ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకుంటూ, పసిపిల్లల మెదడు పరీక్షించే గది ముందు అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పిల్లవాడు నవ్వడు. గోడను చూసినట్టు తల్లిని చూస్తాడు. వాళ్ళ ఊరు నారిన్‌లో వాడి ఈడు పిల్లలంతా బోసినోళ్ళు తెరుచుకుని కిలకిలమంటుంటే వీడికేమొచ్చింది? తను తల్లినన్న సంగతైనా వాడికి తెలుసా? ఆ ప్రశ్న ఆమెను రాత్రుళ్ళు నిద్రపోనివ్వడం లేదు.

"కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంది అత్తగారు బాత్మా. మనవడికేసి తిరిగి మొహం చిట్లించింది. "ఏరా కురూపీ, కోతి మొహమా, నీకన్నా కుక్కపిల్ల నయం కదరా! తూ, తూ!"

అది తిట్టు కాదు, ముద్దే. పసివాణ్ణి మెచ్చుకుంటే దిష్టి తగులుతుందని మా వైపు అందరూ అలాగే అంటారు. అనేసి ఆ వెంటనే నవ్వేస్తారు. బాత్మా మాత్రం నవ్వదు, ఇంట్లో ఇంకొకరిని నవ్వనివ్వదు. మొదటి మనవణ్ణి చూసుకుని మురిసిపోయింది, వీధి వీధంతా చూపించుకుంది. నెల తిరక్కుండానే వాడు జ్వరమొచ్చి పోయాడు. తన కళ్ళే వాణ్ణి మింగాయని ఆమె నమ్మకం. దాంతో వీడి ముందు ఇంటిల్లిపాదీ మొహాలు ముడుచుకోవలసిందే. ఎంత ఘోరమండీ! నూర్జాత్ పాలిచ్చేటప్పుడు కూడా పెదవి బిగబట్టుకుని కూర్చునేది. ఒకసారి బిడ్డను పోగొట్టుకున్నది, ఏం చేస్తుంది పాపం.

డాక్టర్ చోల్పొన్ పిల్లవాడి తలకు తీగల టోపీ తొడిగి, తల్లి ఒళ్ళోనే తెర ముందు కూర్చోబెట్టింది. ముందు తెర మీద ఒకావిడ కనుబొమలు ముడిచి కోపంగా చూసింది. ఎర్మెక్ వేలు నోట్లో పెట్టుకుని తాపీగా చీకాడు. తర్వాత అదే ఆవిడ పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. పిల్లవాడు కొయ్యబారిపోయాడు. పెదవి వణికింది, ఏడుపు లంకించుకున్నాడు.

నూర్జాత్‌కు పై ప్రాణం పైనే పోయినట్టయింది. "వీడి బుర్ర సరిగ్గా లేదా డాక్టరుగారూ? ఉన్నదున్నట్టు చెప్పేయండి."

"బంగారంలా ఉందమ్మా. ఏ మొహం ఎలాంటిదో చక్కగా పట్టేస్తున్నాడు. కానీ వీడి మెదడుకి కోపం మొహం ఇంట్లో మనిషి, నవ్వు మొహమే కొత్త మనిషి. ఇంట్లో వీడితో ఎవరూ నవ్వరా?"

నూర్జాత్ అత్తగారికేసి చూసింది.

"ఏదీ, మీరొకసారి నవ్వండి," అంది డాక్టరు.

బాత్మా "వద్దే" అనబోయింది. అంతలోనే నూర్జాత్ కొడుకుని తనవైపు తిప్పుకుని నవ్వేసింది. ఏడు నెలలుగా అలవాటు తప్పిన నవ్వు, వంకరగా వచ్చింది. ఎర్మెక్ హడలిపోయాడు. గుక్కపట్టి ఏడుస్తూ, రెండు చేతులా ఆమె జుట్టు పట్టుకుని, మొహం తెచ్చి ఆమె మెడలోనే దాచుకున్నాడు.

"అత్తయ్యా!" నూర్జాత్ వాణ్ణి ఇంకా దగ్గరికి హత్తుకుంది. "నా నవ్వుకి భయపడి నా దగ్గరికే పారిపోయొచ్చాడు. నేనెవరో వీడికి తెలుసు అత్తయ్యా!"

బాత్మా లేచింది. "నవ్వవే. వాడికి అలవాటయ్యేదాకా నవ్వుతూనే ఉండు. దిష్టి సంగతి నేను చూసుకుంటా. ఐలనాయిన్, నా తండ్రీ, ఐలనాయిన్!"

నీ చుట్టూ తిరుగుతాను, నీ కీడు నాకు రానీ అని దాని అర్థం. మా వైపు పిల్లల్ని రోజుకు వందసార్లు ఊరికే అనే మాట అది. మొదటివాడు పోయాక బాత్మా నోట మళ్ళీ రాలేదు. ఇప్పుడామె అనడమే కాదు, నిజంగానే ఆ కుర్చీ చుట్టూ తిరగడం మొదలుపెట్టింది.

"తీగలు పెద్దమ్మా, తీగలు!" అని డాక్టరు మొత్తుకుంది.

బాత్మా వింటేనా! మోకాళ్ళు పట్టుకుని, తీగలు దాటుకుంటూ, ఏడుస్తూ నవ్వుతూ తిరుగుతూనే ఉంది. ఎర్మెక్ తల్లి మెడలోంచి ఒక కన్ను బయటపెట్టి ఆ మొహాన్నే చూశాడు. ఈసారి ఏడవలేదు.