చప్పుడు చెయ్యని తలుపు

అమెరికాలో నాటకం రాయబోయే ప్రతి కొడుకూ ముందు తన తండ్రిని వంటింట్లో నిలబెట్టి కడిగేస్తాడు. మిగతా లోకం జోలికి ఆ తర్వాతే పోతాడు. నేనూ అంతే. కాకపోతే నా నాటకంలోని వంటింటిని కట్టింది కూడా మా నాన్నే.

ఆయన పేరు కాజిమిర్. టొలీడో ఊళ్లో గాజు ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, రిటైరయ్యాక మా పేట నాటకశాలకి ఊరికే సెట్లు కట్టిపెడుతున్నాడు. నాటకంలో కొడుకు వేషం నాదే, తండ్రి వేషం రోస్కో అనే బస్సు డ్రైవరుది. చివర్లో కొడుకు "నీ చెప్పుచేతల్లో నేనింక బతకను!" అని అరిచి, తలుపు ధడేలున వేసి వెళ్లిపోతాడు. తెర పడుతుంది. నాటకమంతా ఆ చప్పుడు కోసమే రాశాను.

గురువారం సాయంత్రం ఆఖరి రిహార్సల్, మర్నాడే ప్రదర్శన. ఆ మాట అరిచి, ఉన్న బలమంతా పెట్టి తలుపు విసిరి బయటికి నడిచాను. చప్పుడు లేదు. తిరిగి చూస్తే, తలుపు ఆసుపత్రి తలుపులా నిదానంగా వచ్చి మూసుకుంది. రోస్కో పగలబడి నవ్వాడు.

పైన కొత్తగా, తలుపుని మెల్లగా మూసే డోర్ క్లోజర్ బిగించి ఉంది. నాన్న మొదటి వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వేనా ఇది బిగించింది?"

"నేనే. తలుపు విసిరితే ప్లైవుడ్ గోడ ఊగుతుంది."

"ఊగకుండా వెనక నాలుగు కర్రలు ఆనించు. నీ పని కూడా నేనే నేర్పాలా?"

"ఆనించను. ఆ సీను అబద్ధంరా. ఇల్లొదిలిన రోజు నువ్వు తలుపు విసరలేదు."

దర్శకురాలు విన్నీ సర్దిచెప్పబోయింది. "నాటకం కదండీ, కాస్త కల్పన ఉంటుంది."

"అందులో తిట్లన్నీ నావే, తాగుడు నాదే, చివరికి రోస్కో పెట్టుకున్న టోపీ కూడా నాదే. వీడి పిరికితనం దగ్గరికొచ్చేసరికి కల్పనా?" నాన్న నావైపు తిరిగాడు. "తెల్లారగట్ల బూట్లు చేత్తో పట్టుకుని దొంగలా జారుకున్నావు. నేను మెలకువగానే ఉన్నాను. తలుపు చప్పుడైతే లేచొద్దామని చూశాను. చప్పుడు కాకుండా గడియ పట్టుకుని మరీ మూశావు కదరా!"

నిజమే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. తలుపు విసిరి వచ్చేశానని పన్నెండేళ్లుగా అందరికీ చెప్పి చెప్పి, చివరికి నేనే నమ్మాను. తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులోంచే కోపమూ పొంగింది.

"అవును, భయపడ్డాను. నీ చేత దెబ్బలు తిన్నవాడు భయపడక ఈలలేస్తాడా? అప్పుడు చేతకాలేదు కాబట్టే ఇప్పుడు రాశాను. ఒక్క ముక్క తీసెయ్యను."

"అయితే నేనూ ఒక్క మేకు దింపను."

నిచ్చెన వేసుకుని, ఆయన పనిముట్ల పెట్టెలోని స్క్రూడ్రైవరుతోనే క్లోజర్ ఊడదీశాను. తెచ్చి ఆయన కాళ్ల దగ్గర పెట్టాను. రోస్కోని పక్కకి తప్పుకోమన్నాను. మొదటి వరసకేసి చూస్తూ ఆ మాట అరిచి, తలుపు వేశాను.

గోడ నిలువునా ఊగింది. లోపల అల్మారాలోని ప్లేటు పడి భళ్లున పగిలింది. తలుపు వెనక చీకట్లో నిలబడ్డాను.

స్టేజి మెట్ల మీద బరువైన అడుగులు వినపడ్డాయి. పిడి తిరిగింది. తలుపు తెరుచుకుని గుమ్మంలో నాన్న కనిపించాడు.

"లేచొచ్చాను. ఇప్పుడను."

నా కాలు దానంతటదే వెనక్కి జరగబోయింది. బలవంతాన ఆపుకున్నాను.

"నీ చెప్పుచేతల్లో నేనింక బతకను."

అరవలేదు. అరవాల్సిన పని లేకపోయింది. ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. ఆయన క్షమించమనలేదు, నేనూ అడగలేదు.

"గొంతు ఇంకా వణుకుతోందిరా," అన్నాడు.

"వణకనీ," అన్నాను. గుమ్మం దగ్గరనుంచి కదల్లేదు.