మిగతా ఆరు ఊళ్లు

గుట్ట మీద బండ పేల్చారు. కాసేపటికే వాగు నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లబడ్డాయి. బిందెతో ఒడ్డున నిలబడ్డ ముత్తక్కకు కడుపు రగిలిపోయింది. క్వారీకి ఒప్పుకుంటూ గూడెంలో మొదటి వేలిముద్ర వేసింది తనే మరి!

గుట్ట చుట్టూ నాలుగు కోయగూడేలు, మూడు లంబాడీ తండాలు. కాంట్రాక్టరు మేనేజరు ఏడూళ్లకూ ఏడు రోజులు విడివిడిగా సభ పెట్టించాడు. "మిగతా ఆరు ఊళ్లు ఒప్పుకున్నయి. మీరొక్కలు కాదంటే ఆగుతదా?" అన్నాడు. ముత్తక్క వేలిముద్ర వేసింది. ఆమెను చూసి గూడెమంతా వేసింది.

ఇల్లందు సంత నుంచి వచ్చే బస్సులో తండా జమ్లి కనబడగానే ఆ కోపమంతా బయటపడింది.

"గుట్టనమ్ముకొని ఏం మొఖం పెట్టుకొని తిరుగుతున్నవే?"

"నోరు మంచిగ రానియ్! మీ కోయోళ్లు ఒప్పుకున్నరనే మా తండా ఒప్పుకున్నది!"

"మేమా? మీరు ఒప్పుకున్నరని మాకు జెప్పిండు గద!"

వెనక సీట్లోంచి పక్క గూడెం పెద్దమనిషి జంపయ్య లేచాడు. "మాకూ గదే జెప్పిండు."

చూశారా దొంగ తెలివి! ఏడూళ్లలో ఒక్క ఊరూ ఇష్టపడి ఒప్పుకోలేదు. పక్కూరిని అడుగుదామంటే ఎవరికీ కాలు కదల్లేదు. పోడు భూముల తగాదాలతో గూడెంవాళ్లు, తండావాళ్లు ఒకరి చేలోకి ఒకరు పనికి పోవడం మానేసి ఎనిమిదేళ్లయింది. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినట్టు మేనేజరు మధ్యలో దూరాడు.

"మల్ల సభ పెడ్దం," అంది ముత్తక్క. "ఏడూళ్లకు ఒక్కటే సభ. గూడెం, తండా కలిసి కూసోవాలె."

సభనాడు గుట్ట కింద ఆరు వందల మంది కూర్చున్నారు. మేనేజరు పోలీసులను వెంటేసుకుని వచ్చాడు. "మీ లీడరెవరు? పక్కకు రమ్మను, మాట్లాడుదాం."

"ఒక్కలు పోతే మంచిదేమో," అని నసిగాడు జంపయ్య.

"ఎట్ల మంచిది?" జమ్లి గయ్యిమంది. "ఆడేం జరిగిందో మల్ల వీడు జెప్తేనే మనం వినాలె. ఈడ్నే, అందరు వినంగ మాట్లాడమను!"

ముత్తక్క లేచింది. "అబద్ధం జెప్పి ఏలుముద్ర ఏపిచ్చుకున్నవు. ఎనక్కి తీసుకుంటున్న!"

ఆరు వందల చేతులు లేచాయి.

మర్నాడు పొద్దున్నే పోలీసులు ముత్తక్కను జీపెక్కించారు. "నువ్వు లోపలుంటే అందరు సర్దుకుంటరు," అన్నాడు ఎస్సై. ఆమె కళ్లు మబ్బుల మీదే ఉన్నాయి. తన చేలో పత్తి పగిలి ఉంది, వాన పడితే ఏడాది కష్టం నల్లబడిపోతుంది.

జీపు చేను పక్కన మలుపు తిరిగింది. చేలో ఇరవై మంది పత్తి ఏరుతున్నారు. అందరూ తండా ఆడవాళ్లే. జమ్లి ఒడినిండా పత్తితో గట్టెక్కి అరిచింది. "పోయిరా ముత్తక్కా! నీ చేను మేం జూస్తం!"

ముత్తక్క జీపులోంచి చెయ్యెత్తింది.

క్వారీ దారి దగ్గర జీపు ఆగింది. ఏడూళ్ల జనం కలగలిసి రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. ఎస్సై దిగి గూడెం పెద్ద జంపయ్య వైపు చూసి అరిచాడు. "తండాలోళ్లు లేస్తమని ఒప్పుకున్నరు. మీరూ లేవండి!"

జంపయ్య పక్కకు తిరిగాడు. తండా లాల్‌సింగ్ భుజానికి భుజం ఆనించి కూర్చుని ఉన్నాడు.

"ఏం లాల్‌సింగ్, నువ్వు ఒప్పుకున్నవా?"

"లేదు పెద్దయ్యా. మీరు?"

"నేనూ లేదు."

ఒక్కరూ లేవలేదు.