కల్లంలో చల్లిన నీళ్లు

మా ఆయన పేరయ్య ఎవర్నీ నమ్మడు. గుంటూరు మిర్చి యార్డులో కాటాను నమ్మడు, మచ్చు చూడటానికి గుప్పెడు కాయలు తీసే చేతిని నమ్మడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ఎందుకు నవ్వాడా అని ఆ రోజంతా ఆలోచిస్తాడు. ఇలాంటి మనిషితో ఇన్నేళ్లు ఎలా వేగానో ఆ దేవుడికే ఎరుక.

ఆ ఏడు మిరప బాగా పండింది. మంచి రేటు వస్తే మా చేలో మేమే బోరు వేయించుకోవాలని నా ఆశ. ఎన్నాళ్లని నీళ్ల కోసం పక్క చేలో బోరున్న సుబ్బరావమ్మ గుమ్మంలో నిలబడతాను?

కాయలు కల్లంలో ఎండి గలగలలాడుతుంటే కమీషన్ వ్యాపారి సంజీవరావు అద్దంకి వెళ్తూ మా దగ్గర బండి ఆపాడు.

"పేరయ్య బాబాయ్, ఈసారి సంచుల్లో తొక్కేటప్పుడు నీళ్లు చల్లొద్దు. పై దేశాలకు పంపే కంపెనీ మనిషి కొంటన్నాడు. ఎండుకాయయితే యార్డు రేటు మీద ఎక్కువిస్తాడు. తడి కనపడిందా, సరుకంతా వదిలేస్తాడు."

నీళ్లు చల్లడం మా వైపు తాతలనాటి అలవాటు. చల్లకపోతే తొక్కుడుకు కాయ ముక్కలవుతుంది. కాస్త తూకం కూడా కలిసొస్తుంది, ఆ మాట ఎవరూ పైకి అనరు.

బండి మలుపు తిరగ్గానే మా ఆయన అందుకున్నాడు.

"ఇందులో ఏదో తిరకాసుంది. ఎక్కువ రేటు ఎవడన్నా ఊరికే ఇస్తాడా? తూకం తగ్గించి మన నోట్లో మట్టి కొట్టాలని చూస్తన్నాడు."

"పోయినేడు మన తెల్లబారిన తాలుకాయలు కూడా అమ్మిపెట్టాడు గదయ్యా."

"నేననేదీ అదే. అంత మంచోడెందుకయ్యాడు?"

కూలీలకు అన్నం వండటానికి వెళ్లిపోయాను.

కొన్నాళ్లకు యార్డులో మా వరస వచ్చింది. కంపెనీ మనిషి సంచి మూతి విప్పలేదు. నడుములో కోసి, లోపల్నుంచి ఒక కాయ తీసి వంచాడు. ఎండుకాయ పుటుక్కున విరగాలి. అది తోలుముక్కలా వంగింది. చీలిస్తే గింజల చుట్టూ తెల్లటి బూజు. నేను పొయ్యి దగ్గరుండగా మా ఆయన చల్లాడన్నమాట, అదీ సుబ్బరావమ్మను బతిమాలి నేను తెచ్చిన నీళ్లే.

ఇంకో రెండు సంచులు కోశారు. అవీ అంతే. "చెప్పా గదా బాబాయ్" అని మాత్రం అన్నాడు సంజీవరావు. ఆ కంపెనీ ఇక ఆయన దగ్గర కూడా కొనదట.

సరుకు అయినకాడికి తెగనమ్మి బస్సెక్కాం. బోరు పోయిందని కడుపు మండుతున్నా మా ఆయన ముఖం చూస్తే జాలేసింది. 'తప్పయింది పున్నా' అంటే చాలు, అక్కడితో వదిలేద్దామనుకున్నాను.

"నాకొకటి అర్థంకావట్లా," అన్నాడు చిలకలూరిపేట దాటాక. "మూతి విప్పకుండా సరిగ్గా నడుములోనే ఎందుకు కోశాడు? ఎవరో ముందే చెప్పుంటారు. నేను చల్లటం నువ్వు చూశావా?"

"చూసుంటే ఆ బిందె నీ నెత్తిన బోర్లించేదాన్ని."

"మరి సంజీవరావుకు ఎవరు చెప్పారు?"

నా వైపు తిరిగి చూశాడు. కాటాను చూసే చూపు అది. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ చూపు నా మీద పడటం అదే మొదలు.

నేను లేచి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను.

"రేపట్నుంచి సుబ్బరావమ్మను నీళ్లు నువ్వే అడుక్కో" అన్నాను.