ఇంకో రెండు లిఫ్టులు

కంటైనర్ ఊగింది. బుల్లయ్య భుజం పెట్టాడు.

గుంటూరు మిర్చి యార్డులో ఏళ్ళ తరబడి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసిన మనిషి. అక్కడ లారీ మీద బస్తాల వరస వాలితే పక్కనున్న హమాలీ పరుగున వెళ్ళి భుజం ఆనిస్తాడు. ఆలోచించడు. ఆలోచిస్తే కిందున్నవాడు పోతాడు. నడిసముద్రంలో, చమురు రిగ్గుకు సామాను మోసే ఓడ డెక్కు మీద కూడా బుల్లయ్య ఆలోచించలేదు. అల ఓడను ఎత్తి పడేసింది. రిగ్గు మీది క్రేను ఓడలోకి దించుతున్న ఇనప పెట్టె వచ్చి అతన్ని అంచు గోడకేసి నొక్కి, వెనక్కి పోయింది.

ఊగే పెట్టెను ఒంటితో ఆపకూడదనీ, దానికి కట్టిన తాడు పట్టుకుని దూరంగా నిలబడాలనీ అతనికి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సినవాడు సరంగు జక్రయ్య. డెక్కు కూలీలందరికీ పెద్ద. సింగరాయకొండ పక్క పల్లెవాడు. "లోడింగు ఎక్కడైనా లోడింగేరా, వచ్చెయ్" అని బుల్లయ్యను యార్డు నుంచి తీసుకొచ్చింది అతనే. పని నేర్పడానికి వారం కావాలంటే కాంట్రాక్టరు అంకమ్మరావు వద్దన్నాడు. జక్రయ్య సరేనన్నాడు.

పై గదిలోంచి ఓడ కెప్టెన్ మైకులో అరిచాడు. "పక్కకు జరపండి! గాలి పెరుగుతోంది. ఇంకో రెండు లిఫ్టులు!"

బుల్లయ్య ఊపిరి తీస్తున్నాడు. జక్రయ్య చూశాడు. చూసి, నీళ్ళు పడకుండా టార్పాలిన్ కప్పించి, దించమని క్రేను వైపు చెయ్యెత్తాడు. రెండు పెట్టెలూ దిగాయి. టార్పాలిన్ తీసేసరికి ఊపిరి లేదు.

ఓడ రేవుకు తిరుగుముఖం పట్టాక కూలీలంతా భోజనాల గదిలో చేరారు. పళ్ళాలు అటూ ఇటూ జారుతున్నాయి. ఎవరూ ముద్ద ముట్టలేదు.

యార్డులో బుల్లయ్యతో ఒకే ముఠాలో బస్తాలు మోసిన వీరాంజనేయులు లేచాడు. "ఏరా జక్రయ్యా, రిగ్గు మీద డాక్టరున్నాడా లేదా?"

"ఉన్నాడు."

"ఆ క్రేనుకే బుట్ట కట్టి మనిషిని పైకి తీసుకుంటారా లేదా?"

"ఆ గాలిలో కుదిరేదో లేదో. నేను అడగలేదు."

"అడగలేదు! ఆ పెట్టెల్లో ఏముందిరా, నీ బాబు సమాధి రాళ్ళా?"

వంటమనిషి హయాత్ గుమ్మంలోంచి అన్నాడు. "సరంగునొక్కణ్ణే అంటావేంటి భాయ్? ఆ రెండు పెట్టెలకూ నువ్వు తాడు పట్టలేదా? ఇదిగో, ఇతను కొక్కెం తియ్యలేదా? నేను టీ కాస్తూ కూర్చున్నా. కెప్టెన్‌ది నోరే. చేతులు మనయ్యి."

"మనయ్యైతే మనం ఆపితే ఆగుద్దిగా?" అన్నాడు వీరాంజనేయులు.

"ఆపితే దింపేస్తారు. కొత్తోళ్ళని ఎక్కిస్తారు" అన్నాడో కూలీ.

"ఆ కొత్తోళ్ళు ఎవరేంటి? మనోళ్ళేగా!"

జక్రయ్య తన కుడిచేతిని బల్ల కింద పెట్టుకున్నాడు. భార్య పోయినప్పటి నుంచి, ఇంట్లో ఎదురుచూసే మనిషి లేనివాడికి సముద్రమంటే భయమేంటని గొప్పగా చెప్పుకునేవాడు. తెచ్చింది మాత్రం ఎదురుచూసే భార్య వెంకటేశ్వరమ్మ ఉన్న బుల్లయ్యను. "మీ ఆయన్ని నా పక్కనే పెట్టుకుంటానమ్మా" అని ఆమెకు మాటిచ్చాడు. పక్కనే పెట్టుకున్నాడు.

జెట్టీ మీద అంకమ్మరావు ఎస్సైని వెంటబెట్టుకుని నిలబడి ఉన్నాడు. జక్రయ్య దిగగానే చెవి దగ్గరకొచ్చాడు. "తాగున్నాడని చెప్పు. ఎంత చెప్పినా వినలేదని చెప్పు. నీ సరంగు పని ఎక్కడికీ పోదు. వినుకొండ నుంచి మనుషుల్ని దింపాను, ఎక్కించుకో. సాయంత్రానికి బోటు కదలాలి."

ఆ మనుషులు సంచులతో ఎండలో నిలబడి ఉన్నారు. మిరప తోటల్ని నల్ల తామర పురుగు ఊడ్చేసిన ఊళ్ళవాళ్ళు. సముద్రాన్ని మొదటిసారి చూస్తున్నవాళ్ళు. జక్రయ్య నేరుగా వాళ్ళ దగ్గరికి నడిచాడు.

"ఒరేయ్, వినండి. బుల్లయ్య తాగలేదు. వాడు ఊపిరితో ఉండగానే పక్కన పడుకోబెట్టి సామాను దింపించాను. ఈ చెయ్యే ఎత్తాను. ఎత్తమంది కెప్టెన్. వాడికి పని నేర్పొద్దంది ఈయన. రేపు మీలో ఒకడు పోతాడు. నాలాంటోడు ఇంకొకడు చెయ్యెత్తుతాడు. ఎక్కకండి."

అంకమ్మరావు నవ్వాడు. "విన్నారుగా ఎస్సై గారూ, వాడే ఒప్పుకున్నాడు. తీసుకెళ్ళండి."

"మిగతా ఇద్దరి పేర్లూ రాయండి సార్" అన్నాడు జక్రయ్య.

"ముందు నువ్వు జీపెక్కరా."

ఎక్కుతుంటే వీరాంజనేయులు దగ్గరికొచ్చాడు. "దీంతో పాపం కడిగేసుకున్నాననుకోకు. వెంకటేశ్వరమ్మ వస్తోంది. ఆమె ముందు ఈ మాటలన్నీ మళ్ళీ చెప్పాలి నువ్వు." అని, వెళ్ళి జీపు చక్రాల ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఓడ కూలీలు ఒక్కొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. వినుకొండ వాళ్ళు కాసేపు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దవాడు సంచి కింద పడేసి, దాని మీదే కూలబడ్డాడు. మిగిలినవాళ్ళూ కూర్చున్నారు.

"లేవండ్రా! పని దొరకదు మీకు, ఆకలితో చస్తారు!" అంకమ్మరావు గొంతు చించుకున్నాడు.

"మా సంగతి సరేనయ్యా," అన్నాడు ఆ పెద్దాయన. "ఎస్సై గారూ, ఒక్కణ్ణే ఎక్కించుకున్నారేం? ఆ కెప్టెన్ గారూ, ఈ కాంట్రాక్టరు గారూ, ఇద్దరూ నడిచొస్తారా?"

జెట్టీ అంతా గొల్లున నవ్వింది. ఓడ మైకు తాళ్ళు విప్పమని కేకలు పెడుతోంది. ఓడను కట్టిన తాళ్ళ మీద హయాత్ కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. డ్రైవరు హారన్ కొట్టి కొట్టి, ఇంజను ఆపేశాడు. లోపల జక్రయ్య తలెత్తలేదు. బయట ఒక్కడూ లేవలేదు.