యాదలక్ష్మి వెయ్యని ఎత్తు

చదరంగంలో నాకున్న జబ్బు ఒక్కటే. ఆట మొదలవగానే మంత్రి వైపు బంటులన్నిటినీ తోసుకుంటూ మీద పడిపోతాను. నా రాజేమో నడిమధ్యలో దిక్కులేకుండా నిలబడి ఉంటాడు. కోట కట్టేద్దాం, ఏనుగు చాటుకి పంపేద్దాం అనుకుంటూనే ఇంకొక్క ఎత్తు, ఇంకొక్క ఎత్తు అని దాడికే పోతాను. ఈలోపు యాదలక్ష్మి నా రాజుకి షా చెప్పేస్తుంది.

"గిదేంది సూర్యక్కా, రాజును ఇడిచిపెట్టి గా మూలకు ఉరుకుతవ్? ముందుగాల ఆయన్ను సూస్కో జర."

"నువ్వు చెప్పొచ్చావు! నోరు మూసుకుని ఆడు."

సరూర్‌నగర్‌లో ఒకే ఇంట్లో అద్దెకుండేవాళ్లం. కింద వాటాలో యాదలక్ష్మి, వాళ్లాయన సైదులు. ఆయన ఆర్టీసీ కండక్టరు, నల్లగొండ దగ్గర పల్లె వాళ్లది. పై వాటాలో నేనొక్కదాన్నే. తెనాలి నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పుకునేదాన్ని. పెళ్లీ పెటాకులూ లేవు. మధ్యాహ్నం మెట్ల మీద ఆ ఆట లేకపోతే, ఇంట్లో నాతో మాట్లాడే దిక్కే లేదు.

ఆట కంటే తగువే ఎక్కువ. వాళ్ల తాత నేర్పిన పద్ధతిలో కోట కట్టడం లేదు. అప్పటిదాకా షా తగలకుండా ఉంటే, రాజు ఒకే ఒక్కసారి గుర్రంలా గెంతొచ్చు. నేను దాడంతా పేర్చుకుని మీద పడబోయేసరికి ఆ రాజు టక్కున గెంతి తప్పించుకునేవాడు. నాకు ఒళ్లు మండేది.

"ఏ పుస్తకంలో ఉందే ఆ రూలు?"

"మా తాత పుస్తకం సదివిండా ఏంది? గిట్లనే ఆడిండు, గిట్లనే నేర్పిండు. నీ రూలు నీ తెనాలిల పెట్టుకో!"

కాసేపు అరుచుకుని, ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్లం.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. సైదులు పొద్దున్నే ఎల్బీనగర్ చౌరస్తాలో టెంటు దగ్గరికి వెళ్లిపోయేవాడు. బస్సుల్లేవు. మా కోచింగ్ సెంటరూ మూసేశారు. గుంటూరు నుంచి మా అన్నయ్య వెంకటేశ్వరరావు రోజూ ఫోను. "ఒంటరిదానివి, అక్కడెందుకే? వచ్చెయ్యి." నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు అన్నయ్యా అంటే వినడే!

పోరు పడలేక కిరాణా కొట్లో అట్టపెట్టెలు అడిగి తెచ్చి మెట్ల దగ్గర పడేశాను. వెళ్లాలని కాదు. ఉండిపోవాలనే ఉంది నాకు. యాదలక్ష్మి ఒక్కసారి "పోకక్కా" అంటే చాలు, ఆ పెట్టెలు చెత్తబండిలో పడేద్దామనుకున్నాను. నా అంతట నేను అడగను. నా పొగరు నాది.

మధ్యాహ్నం ఆటకి కూర్చున్నాం. పెట్టెల వంక ఒకసారి చూసి, పావులు పేర్చింది. నేను మామూలుగానే మంత్రి వైపు తోసుకుపోయాను. ఆ రోజు దాడి బ్రహ్మాండంగా కుదిరింది. బంటులు తెగి దారి తెరుచుకుంది, ఏనుగు దూరింది. తన రాజు ఇంకా నడిమధ్యలోనే ఉన్నాడు. నా పద్ధతిలో కోట కట్టాలన్నా ఆ దారికి నా శకటు కాపలా. ఇక గుర్రం గెంతు ఒక్కటే గతి. తగువుకి కొంగు బిగించి కూర్చున్నాను.

గెంతలేదు. ఓ బంటుని జరిపి ఊరుకుంది.

"అదేంటి? గెంతవేం?"

"వద్దులే అక్కా. నీ రూలే కానీ."

"కళ్లు కనబడట్లేదా? గెంతకపోతే ఆట కట్టు!"

"కట్టనీయి."

వెనక్కి తీసుకుంటుందేమోనని కాసేపు ఆగాను. తీసుకోలేదు. కట్టేశాను. తన మీద అంత సులువుగా నేనెప్పుడూ గెలవలేదు.

"ఎందుకు గెంతలేదో చెప్పు ముందు!" వీధిలోకి వినబడేలా అరిచాను.

పావులన్నీ డబ్బాలో వేస్తూ, తలెత్తకుండా చెప్పింది. "పొయ్యేటోళ్లతోని ఏం కొట్లాట అక్కా. మంచిగ పో. పైలం."

చుట్టాన్ని సాగనంపినట్టు చెప్పింది. కోపమైనా లేదు. ఉంటే ఎంత బాగుండేది! నేనెక్కడికీ పోవట్లేదే పిచ్చిమొహమా అనాల్సింది.

పైకి వెళ్లి అన్నయ్యకి ఫోన్ చేసి, బండి పంపమన్నాను.

"అమ్మయ్య, ఇప్పటికి బుద్ధొచ్చింది" అన్నాడు.

పెట్టేసి ఏడ్చాను. కింద గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. పిలుస్తుందేమోనని మెట్ల తలుపు తీసే ఉంచాను. పొద్దుగూకింది. పిలవలేదు.