అసిరి కంచం

నేను కంచుతో చేసిన ఒక కంచాన్ని. వేలితో తడితే మోగుతాను. మోగడం మొదలుపెడితే ఒక పట్టాన ఆగను. రాగీ తగరమూ కలిపి కరిగించి, ఎర్రగా కాల్చి, నలుగురు చుట్టూ నిలబడి సమ్మెటలతో సాగగొడితే నాకు ఈ ఆకారం వచ్చింది. బుడితి అనే ఊళ్లో నన్ను చేసిన కంచరి ఆఖరి దెబ్బ వేశాక చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. "దీని గొంతు బాగుంది" అన్నాడు. అన్నం తినే కంచానికి గొంతెందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

నన్ను కొన్నది సన్యాసమ్మ. అప్పటికి ఆమెకు ఒక్కతే కూతురు, అసిరి. ఆ పిల్ల పేరు నా అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించింది. మనుషులు వస్తువుల మీద పేర్లు కొట్టించుకుంటారు. తమకంటే అవే ఎక్కువ కాలం ఉంటాయని లోలోపల తెలుసు కాబోలు.

అసిరికి నడక వచ్చింది గానీ మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. తెల్లన్నం తప్ప మరేదీ ముట్టేది కాదు. అందులో పసుపు మరక కనిపించినా నన్ను తోసేసేది. మెతుకుల్ని చిన్న చిన్న కుప్పలు చేసి నా అంచు చుట్టూ పేర్చేది. పేర్చాక నన్ను తట్టి, చెంప నాకు ఆనించి, "ఊఁ..." అని సన్నగా ఒకే రాగం తీసేది. నా మోత పూర్తిగా ఆగాకే తినేది. వాళ్ల ఊళ్లో అలాంటి పిల్ల గురించి అందరూ అనుకునేది ఒకటే: గాలి సోకిందని.

దయ్యాలు వదిలిస్తానని ఒక గురువు వచ్చాడు. లోపలున్నదానికి తెలుపంటే ఇష్టమనీ, ఎర్రది కడుపులో పడితే పారిపోతుందనీ చెప్పాడు. సన్యాసమ్మ పిల్లను ఒళ్లో అదిమిపట్టి, ముక్కు మూసి, చేపల పులుసు నోట్లో పోసింది. సగం నాలోనే పడింది. ఆ తర్వాత అసిరి నా దగ్గరకు రాలేదు. తెల్లన్నం చూసినా వణికిపోయేది. వానల్లో జ్వరం తగిలింది. దాన్ని తట్టుకునే బలం ఒంట్లో లేదు.

నన్ను చెంబులూ గిన్నెలతో పాటు గోనెసంచిలో వేసి అటక మీద పెట్టారు. ఏళ్లు గడిచాయి. సంచిలో దూరిన ఎలుకలు తోకలతో తగిలినప్పుడు చీకట్లో సన్నగా మోగేదాన్ని. కింద సన్యాసమ్మ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయేది.

అసిరి పోయాక పుట్టిన కొడుకు సింహాద్రికి విజయనగరంలో కరెంటు ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. సన్యాసమ్మ గోనెసంచితో సహా కొడుకు ఇంటికి చేరింది. సింహాద్రి భార్య హైమావతి, వాళ్ల నాలుగేళ్ల కూతురు మోక్షిత. మోక్షితకూ మాటలు లేవు. ఆటిజం అని డాక్టర్లు చెప్పారు. పెరుగన్నం, బ్రెడ్డు మధ్యలోని మెత్తటి తెలుపు, అంతే ఆమె తిండి.

ఒక మధ్యాహ్నం మోక్షిత ఆ సంచిలో చెయ్యి పెట్టింది. చెంబులున్నాయి, గిన్నెలున్నాయి. వాటి అడుగున ఉన్న నన్నే పైకి లాగింది. వేలితో తట్టి, తల వాల్చి వింది. హైమ సంబరపడి నన్ను కడిగి పెరుగన్నం పెట్టింది. పిల్ల మెతుకుల్ని కుప్పలు చేసింది. నా అంచు చుట్టూ పేర్చింది. చెంప ఆనించింది.

"ఊఁ..."

గుమ్మంలో సన్యాసమ్మ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది.

"ఒచ్చీసినావా, అమ్మా" అంది, నాకు తప్ప ఎవరికీ వినిపించనంత మెల్లగా.

నా గొంతుతో కలిసే రాగం ఒకటే కాబట్టి ఇద్దరికీ అదే దొరికి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. మరి ఆ కుప్పలు? వాటి గురించి ఏం చెప్పుకోవాలో తెలియలేదు. ఆ రోజు నుంచి మనవరాలు తినే వేళకు సన్యాసమ్మ బాల్కనీలోకి వెళ్లిపోయేది.

కొన్నాళ్లకు తెల్లటి కుప్పల మీద ఎర్రటి చుక్క కనిపించింది. పిల్ల చిగుళ్లలోంచి నెత్తురు. పళ్లూ కూరలూ అసలు తినకపోవడం వల్లేనని డాక్టరు చెప్పారు. హైమ క్యారెట్ మెత్తగా చేసి అన్నం అడుగున దాచింది. మోక్షిత వేలితో తవ్వి కనిపెట్టింది. ఇక పెరుగన్నం కూడా ముట్టలేదు. మర్నాడు కూడా ముట్టలేదు. హైమకు మతి పోయినట్టయింది. పిల్లను ఒళ్లోకి లాక్కుని, ముక్కు మూసి, టమాటా పప్పు చెంచా నోటికి ఆనించింది. పిల్ల కేకకు నేను ఎవరూ తట్టకుండానే మోగాను.

సన్యాసమ్మ పరుగున వచ్చింది. "ఒదిలీ! ఒదిలీ హైమా!"

"తినకపోతే చచ్చిపోతుందత్తయ్యా! నన్నేం చెయ్యమంటారు?"

"నాను అలాగ తినిపిస్తేనే చచ్చిపోనాది."

హైమ చెయ్యి గాల్లోనే ఆగింది. "ఎవరు?"

సన్యాసమ్మ నా అంచు ఆమె వైపు తిప్పింది. ఆ పేరు గ్రామదేవతదని హైమ అన్నాళ్లూ అనుకుంది. అత్తగారు నేల మీద కూలబడి అంతా చెప్పింది. విన్నంతసేపూ హైమ పిల్ల వీపు నిమురుతూనే ఉంది.

మర్నాడు ముగ్గురూ థెరపిస్టు ప్రవల్లిక దగ్గరకు వెళ్లారు. మోక్షిత వదలలేదు కాబట్టి నేనూ వెళ్లాను.

"మందు సంగతి డాక్టరు చూస్తారు, తిండి సంగతి మనం చూద్దాం" అంది ప్రవల్లిక. "ఇది మొండితనం కాదండీ. ఆ రంగు, వాసన, నాలుకకు తగిలే తీరు, అన్నీ తనకి భరించలేనంత గట్టిగా తెలుస్తాయి. బలవంతం చేస్తే భయం ముదురుతుంది. దాచిపెడితే నమ్మిన అన్నం మీద కూడా నమ్మకం పోతుంది. తను తినేదే పెట్టండి. పక్కన కొత్తది ఒక్క ముక్క, తనకి తెలిసినదానికి దగ్గరగా ఉండేది. తెల్లజామ, తొక్కా గింజలూ తీసేసి. మీరూ ఎదురుగా కూర్చుని అదే తినండి. తిను అనొద్దు. మొహంలోకి చూడొద్దు. ముట్టుకున్నా, వాసన చూసినా అది గెలుపే."

"సూడకపోతే తిందో నేదో ఎలాగ తెలుస్తాది?" అంది సన్యాసమ్మ.

"తెలుస్తుందమ్మా. కూర్చోండి, అంతే."

సన్యాసమ్మ బాల్కనీ మానేసి మనవరాలి ఎదుట కూర్చుంది. మొదటి ముక్క గోడకు తగిలింది. ఆమె ఏమీ అనకుండా తీసి, మరో ముక్క పెట్టి, తన ముక్కను నోట్లో మిగిలిన నాలుగు పళ్లతో నమలసాగింది. కొన్ని రోజులకు ముక్క నాలోనే ఉండిపోయింది. తర్వాత ఒక వేలు దాన్ని తాకింది. ఆ వేలు ముక్కు దాకా వెళ్లింది. ఒకరోజు నాలుక తగిలి, మొహం ముడుచుకుపోయింది. మధ్యలో ముక్కను చూడగానే ఏడ్చిన రోజులూ ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం 'కరుక్' మని వినిపించింది.

వంటగదిలో హైమ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. సన్యాసమ్మ కిటికీ వైపు చూస్తూనే ఉంది. కళ్లు తుడుచుకోలేదు, కదిలితే ఆగిపోతుందేమోనని. ఆ పిల్ల నోరు తెరిపించడానికి ఇంట్లో ఎన్ని పనులు చేశారో నేను చూశాను. పెద్దవాళ్లు నోరు మూసుకుని కూర్చున్నాక అది తనంతట తాను తెరుచుకుంది.

జామ తర్వాత ఉడికిన బంగాళదుంప వచ్చింది, దాని తర్వాత యాపిల్ ముక్క. చిగుళ్లు కుదుటపడ్డాయి. ఎర్రటివి ఇప్పటికీ ముట్టదు, ఎవరూ అడగరు. మోక్షిత ఇప్పుడు స్టీలు డబ్బాతో బడికి వెళుతోంది. పగలంతా నాకు పని లేదు.

లేదనే ఇంట్లో వాళ్లు అనుకుంటారు. హైమ పిల్లతో బడికి బయలుదేరాక సన్యాసమ్మ నన్ను దించుతుంది. తెల్లన్నం పెడుతుంది, ఏదీ కలపదు. పక్కన ఒక్క జామ ముక్క. నన్ను నేల మీద పెట్టి, తను ఎదురుగా కూర్చుని, ఏమీ మాట్లాడకుండా, మొహం కిటికీ వైపు తిప్పుకుంటుంది. అన్నం మీది ఆవిరి మెల్లగా ఆగిపోతుంది.

అప్పుడు నా అంచు మీద ఒక చిన్న వేలి బరువు పడుతుంది.

సన్యాసమ్మ ఇటు తిరగదు. తిరగకూడదని ఆమెకు తెలుసు.