మడమ కోసిన తుపాకి

ఐవీ ఆ గాలి తుపాకిని పాత దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని ఇంగ్లండులోని డడ్లీ టౌన్‌హాల్ మెట్లెక్కింది. ఆ రోజు అక్కడ పాత వస్తువులకు వయసూ వెలా కట్టి చీటీ ఇస్తున్నారు. చీటీ తెస్తేనే తుపాకిని తీసుకుంటామన్నారు మ్యూజియం వాళ్ళు. 'జోసెఫ్ హింగ్లీ, బొగ్గుగని కూలడంతో మరణించాడు, 1926' అని పక్కనే అట్ట పెడతారట. శవమైనా ఇల్లు చేరని తండ్రికి ఎక్కడో ఒకచోట పేరుండాలన్నది డెబ్బై రెండేళ్ళ ఐవీ కోరిక.

"మీ నాన్న ముఖం గుర్తుందా నీకు?" అంది తోడొచ్చిన పక్కింటి మేబెల్.

"రెండేళ్ళ పిల్లకేం గుర్తుంటుందే? ఈ తుపాకే గుర్తు. అమ్మ మంచం కింద దాచేది. 'పోయినవాడి వస్తువు, ముట్టుకున్నావంటే చేతులు విరగ్గొడతా' అనేది."

"మీ అమ్మ అన్నంత పనీ చేసేది, మహాతల్లి!"

వెల కట్టే టిమ్మిన్స్ గోళ్ళ నిండా తుపాకి నూనె. లోహం మీద చెక్కిన నంబరును భూతద్దంతో చూశాడు. తన లావుపాటి నోటుపుస్తకం తిరగేశాడు. మళ్ళీ నంబరు చూశాడు.

"మీ నాన్నగారు ఎప్పుడు పోయారన్నారు?"

"ఇరవై ఆరులో."

"అయితే ఇది ఆయనది కాదమ్మా. నంబరు ముందు ఈ అక్షరం చూశారా? దీన్ని ముప్పై మూడులోనే, ఆ ఒక్క ఏడే వేశారు. అంతకు ముందు ఈ తుపాకి లేదు."

ఐవీ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "మీ పుస్తకం తప్పయి ఉంటుంది బాబూ."

"పుస్తకం తప్పయినా ఇనుము తప్పు చెప్పదు. ఇంకో సంగతి, ఎవరో దీని మడమ, అదే భుజానికి ఆనించే చెక్క, కోసేశారు. సగం వెల అక్కడే పోయింది."

"ఏ వెధవ పనో!" అంది మేబెల్.

"వెధవ కాదండీ, మంచి పనివాడు." టిమ్మిన్స్ చెక్క మీద వేలు పోనిచ్చాడు. "కోసిన చోట కూడా పాత పాలిషే ఉంది. అంటే కొత్తలోనే కోశాడు. భుజం నుంచి వేలికి ఉండే దూరం కొలిచి మరీ తగ్గించాడు. తొమ్మిదేళ్ళ బిడ్డకి సరిపోతుంది. చెంప ఆనే గుంట చూడండి, అందరికీ ఎడమవైపు తీస్తారు. ఇది కుడివైపుంది. ఆ బిడ్డది ఎడమ చేతివాటం."

మేబెల్ నోరు తెరిచి ఐవీ వైపు చూసింది.

ముప్పై మూడులో ఐవీకి తొమ్మిదేళ్ళు. బళ్ళో పంతులమ్మ ఆమె ఎడమ చేతిని వీపుకు కట్టేసి కుడి చేత్తో రాయించేది. ఇంట్లో మాత్రం ఆ చేత్తోనే తినేది, రాళ్ళు విసిరేది. ఆ సంగతి తల్లికి తెలుసు. ఆ చేతి పొడవూ తల్లికే తెలుసు, ఏటా గౌను కుట్టేది ఆవిడే.

ఐవీ కుర్చీ అంచు పట్టుకుంది.

"మేబెల్, మా అమ్మ కొలత ఇచ్చింది."

"కూర్చోవే ముందు. ఎవరికిచ్చింది?"

"నాన్న వస్తువన్నది నిజమేనే, గనిలో పోయాడన్నదే అబద్ధం. ఆయన బతికే ఉన్నాడు. నా కొలత అడిగి, నాకోసం చేసి తెచ్చాడు. అమ్మ తలుపు తీసింది, తుపాకి తీసుకుంది, మనిషిని పంపేసింది." ఐవీ తుపాకిని దగ్గరికి లాక్కుంది. "ప్రతి ఏడూ నాచేత చర్చిలో ఆయన పేరున దీపం పెట్టించిందే! నేను పెట్టానే!"

టిమ్మిన్స్ టీ కప్పు ఆమె వైపు జరిపి, ఏం చెయ్యాలో తోచక కలం తీశాడు. "చీటీలో ఎవరి తుపాకి అని రాయమంటారమ్మా? మ్యూజియానికి..."

"మ్యూజియానికి కాదు. నాది. ఐవీ హింగ్లీ అని రాయండి."

అతను రాసి, కింద 1933 అని వేశాడు. ఐవీ ఆ అంకె మీద వేలు పెట్టింది.

"ఏ నెల?"

"నంబరు నెల చెప్పదమ్మా."

"నేను బళ్ళో ఉండగా వచ్చాడా, సెలవుల్లోనా? సెలవులైతే వీధిలోనే ఆడుకుంటూ ఉండి ఉంటాను. నా పక్కనుంచే నడిచి వెళ్ళి ఉంటాడు. కాస్త మళ్ళీ చూడండి బాబూ."

"చూసినా కనబడదమ్మా."

"చూడండి," అంది ఐవీ, భూతద్దం అతని చేతిలో పెడుతూ.